పొరల కింద తాళి

ఫోన్ మీద వేలు అలా రాసి మొహం మీది మొటిమను మాయం చేసుకునే పిల్లలు మీరు. ఆ మొటిమను మాయం చేయడం ఒకప్పుడు ఉద్యోగమనీ, దానికి నెల నెలా జీతం కూడా ఇచ్చేవారనీ చెబితే నవ్వుతారు. నవ్వండి. నేను చేసింది ఆ ఉద్యోగమే. మలాయ్ దేశంలో మా సుంగై సుమున్‌లో రోడ్డు పక్క కొట్ల వరసలో ఒక చీనావాడి ఫోటో స్టూడియో ఉండేది. యజమానిని ఊరంతా తౌకే అనేవారు, నేనూ అలాగే అనేదాన్ని. మా వాళ్ళు కూలికి వచ్చిన తోటలో ఉన్న తెలుగు బడితో నా చదువు సరి. ఆ తర్వాత స్టూడియో ఊడవడానికి చేరాను. ఊడుస్తూ ఊడుస్తూ నెగటివుల మీద పెన్సిల్ పట్టాను. పెన్సిల్ పోయి మౌస్ వచ్చింది. ఈ జిల్లా పెళ్ళికూతుళ్ళ గడ్డాల కింద నేను తీసేసిన కండంతా కుప్ప పోస్తే ఇంకో నలుగురు పెళ్ళికూతుళ్ళు తయారయ్యేవారు.

రిటైరయ్యాక అందరూ అడిగేది ఒకటే: అన్నేళ్ళలో గుర్తుండిపోయిన పని ఏది? గొప్ప గొప్ప పెళ్ళిళ్ళు చేశాం, మంత్రిగారి పక్కన నిలబడని మనుషుల్ని కూడా నిలబెట్టాం. అవేవీ గుర్తు లేవు. ఒక శుక్రవారం గుర్తుంది.

దానికి ముందు ఆ మొగుడూ పెళ్ళాల గురించి చెప్పాలి. బాగన్ దాతుక్ వైపు కొబ్బరి తోటలో పనిచేసి మానేసిన మనిషి ఆయన. ఒకరోజు మోటారు సైకిలు మీద, వెనకాల గొడుగు పట్టుకున్న భార్యతో స్టూడియో ముందు దిగాడు. లోపలికొచ్చి టీ చెప్పినంత తేలిగ్గా చెప్పాడు.

“సావు ఫోటోలు తియ్యాలమ్మీ. ఇద్దరివీని.”

మా వైపు చీనా ముసలివాళ్ళు తమ చావు ఫోటో తామే ముందుగా తీయించుకుని దాచుకుంటారు. ఈయనకి ఆ పద్ధతి నచ్చిందట.

“బతికున్నోల్లకి సావు ఫోటో ఏటి మామా?” అన్నాను.

“సచ్చినాక తీత్తే నవ్వలేను కదే!”

ఆవిడ మాత్రం ఒక షరతు పెట్టింది. ఫోటో తీయొచ్చు, బాగు చేయొచ్చు, కాగితం మీద మాత్రం కొట్టకూడదు. “కాయితమ్మీద కొట్టేత్తే సావుని ఇంటికి పిలిసినట్టే లాహ్. అవసరమొచ్చిన్నాడు కొట్టుకుంటారు.” లాహ్ అనేది ఇక్కడ అందరి మాట చివరా తగిలే తోక. సరేనన్నాం. ఫోటోలు తీసి, ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కంప్యూటర్‌లో మరకలవీ తుడుస్తున్నాను. ఆవిడ నా భుజం మీద వేలితో పొడిచింది.

“ఇదిగో పాపా. బొట్టూ తాలీ పూలూ లేకండా కూడా ఓటి సేసి ఎట్టు.”

నా చేతిలో మౌస్ ఆగిపోయింది. “ఏం మాటలత్తా అవి!”

“ఏటుందందులో? ఈయనకి నీల్లు కాసుకోడం రాదు. నాను ముందెల్లిపోతే గంజెవులు పోత్తారు? ముందీయన్ని సాగనంపేసి అప్పుడెల్తాను.”

మా ఆడవాళ్ళందరూ బొట్టుతో పోవాలనే మొక్కుతారు. మా అమ్మ శుక్రవారం శుక్రవారం దీపం పెట్టి అడిగిన వరం అదొక్కటే. దాన్ని తిరగేసి అడిగిన మనిషిని నేను చూడ్డం అదే మొదటిసారి. మొగుడు అవతల కుర్చీలోంచి, “సూసినావమ్మీ, నన్ను ముందు తోసేత్తాదంట!” అని పెద్దగా నవ్వాడు. నవ్వి, గోడ మీద ఉన్న పెళ్ళి ఫోటోలు చూస్తూ కూర్చున్నాడు.

ఆవిడ అడిగింది చేశాను. పని ఎలా చేశానో కొంచెం చెప్పాలి, ఎందుకంటే తర్వాత మా ప్రాణాలు తీసింది అదే. అప్పట్లో మేం వాడే ఫోటోలు దిద్దే ప్రోగ్రాం బొమ్మను పొరలు పొరలుగా ఉంచేది. అడుగున అసలు ఫోటో. దాని మీద నుదుటి రంగు పొర ఒకటి, బొట్టు కప్పడానికి. మెడ రంగు పొర ఒకటి, తాళి కప్పడానికి. జుట్టు పొర ఒకటి, పూలు కప్పడానికి. నేను ఏదీ తీసేయలేదు, దుప్పటి కప్పానంతే. పొర ఎత్తేస్తే కింద అన్నీ ఉంటాయి. ఆవిడ ఆ బోడి నుదురును చాలాసేపు చూసింది. “ఇలాగుంటానన్నమాట” అంది. ఫైలు ఆ రూపంలోనే దాచి మూసేశాను. కెమెరా కార్డు రోజూ వాడేది, అందులో ఉన్న అసలు షాట్ వారం తిరక్కుండా తుడిచిపెట్టుకుపోయింది.

కొన్నేళ్ళకి ఆవిడకి పక్షవాతం వచ్చింది. మూతి ఒక పక్కకి లాగేసింది. అప్పట్నుంచి ఎవరు ఫోటో తీయడానికి ఫోన్ ఎత్తినా కొంగు అడ్డం పెట్టుకునేది. మనవరాలి పెళ్ళిలో కూడా స్తంభం వెనకే నిలబడింది. అంటే ఆవిడ మొహం ఆవిడ మొహంలా ఉన్న బొమ్మ, మా ఫైలు తప్ప ఎక్కడా లేదు.

ఇంతలో మా పాత కంప్యూటర్ కూడా పోయింది. దాని వెనక గాలి కన్నంలోంచి ఒక బల్లి దూరి, లోపల కాలి, దాన్నీ కాల్చింది. బల్లి తల మీద పడితే ఏమిటి, భుజం మీద పడితే ఏమిటి అని పంచాంగంలో ఉంటుంది గానీ మదర్‌బోర్డు మీద పడితే ఏమిటో ఎవరూ రాయలేదు. ఫైళ్ళున్న డిస్కు మాత్రం బతికింది. తౌకే కొత్త కంప్యూటర్ కొన్నాడు, కొత్త ప్రోగ్రాం పెట్టించాడు. మహా చురుకు. నేను పని అడగకముందే చేసేసేది, అడగని పని కూడా చేసేది.

ఆ శుక్రవారం పొద్దున్నే వాళ్ళ కూతురు వచ్చింది. ఫ్యాక్టరీ యూనిఫాంలోనే ఉంది, కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

“అక్కా, అమ్మ పోయినాది. నీ కాడ ఫోటో ఉందని నాన్న సొల్లినాడు. రాహుకాలం దాటగానే ఎత్తేత్తారు. పెద్దది కొట్టియ్యక్కా, వ్యాన్ ముందర కట్టాలంట.”

కూర్చోబెట్టి, తౌకేని టీ తెప్పించమని చెప్పి, పాత డిస్కు తగిలించి ఫైలు తెరిచాను. తెరుచుకుంది. ఆవిడ మొహం వచ్చింది. బొట్టు లేదు. తాళి లేదు. పూలు లేవు.

పొరలు ఎత్తుదామని చూస్తే పొరలే లేవు. కొత్త ప్రోగ్రాంకి ఆ పాత పొరలు చదవడం రాదు. నేను చివరగా ఏ రూపంలో మూశానో ఆ ఒక్క బొమ్మను తెచ్చి చదునుగా నా ముందు పరిచింది. మొగుడు బతికుండగా విధవ బొమ్మ. ఆవిడ అడిగినట్టే, ఆవిడ మాట ఆ కంప్యూటర్ ఒక్కటే విన్నట్టు.

కూతురు లేచి ఇటు వస్తోంది. నేను స్క్రీన్‌ను గోడ వైపు తిప్పేశాను.

“కూకో, కూకో. సూత్తే దిష్టి తగుల్తాది.”

చావు ఫోటోకి దిష్టేమిటో నాకూ తెలియదు. ఆ పిల్ల కూర్చుంది.

మరి ఏం చేయాలి? మీరైతే ఏం చేస్తారో నేనూ అదే చేశాను. అతికించాను. ఎర్రటి బొట్టు గుండ్రంగా పెట్టాను. మల్లెపూలు తెచ్చి జడలో తురిమాను. మా దగ్గర పెళ్ళిపనుల కోసం దాచుకున్న నగల బొమ్మలు బోలెడు. అందులోంచి ఒక తాళి తీసి మెడలో వేశాను. హడావుడిలో తాళి కట్టడం ఎంత కష్టమో తెలిసొచ్చి ఆరోజు మగాళ్ళ మీద జాలేసింది. పెద్ద సైజులో కొట్టి, ఫ్రేమ్ కట్టి, కూతురి చేతికిచ్చాను. ఆ పిల్ల చూసి బావురుమంది. “అమ్మ మాదిరే ఉండాదక్కా” అంది. నేను టీ తాగాను.

రెండో కప్పు తాగుతుండగా ఆ పిల్ల ఇంటి నుంచి ఫోన్ చేసింది.

“అక్కా, నాన్న ఫోటోని గోడకేసి తిప్పేసినాడు. ఎవులు సొన్నా వినడంలేదు. నీతోనే మాటాడతాడంట.”

ఆయన గొంతు మామూలుగానే ఉంది. అదే భయపెట్టింది.

“అమ్మీ, ఈ తాలి ఎవుడు కట్టినాడు?”

నాకు అర్థం కాలేదు.

“నాను కట్టినాది రెండు సూత్రాలు. పుట్టినింటిదోటి, నాదోటి. ఇది అరవోల్ల తాలి. నాను బతికుండగానే నా పెల్లాం ఇంకోడి తాలి ఏసుకుని ఎల్తాదేటే?”

అప్పుడు చూశాను. మా నగల బొమ్మలన్నీ మా గిరాకీ కోసం చేసుకున్నవి, గిరాకీలో ఎక్కువమంది తమిళులు. అందులో ఉన్న తాళులన్నీ వాళ్ళవే. పుట్టుకతో తెలుగుదాన్ని, నా మెడలో రెండు సూత్రాలు వేలాడుతున్నాయి, ఒంగి మౌస్ కదిపితే బల్లకి తగిలి టంగుమంటాయి. అయినా నాకు తట్టలేదు.

“మామా, మార్సేత్తాను…”

“టయం నేదు. ఫోటో నేకపోతే నేకండానే ఎల్తాదిలే. ఈ తాలితో మట్టుకు ఎల్లదు.”

ఫోన్ పెట్టేశాడు. తౌకే నా మొహం చూసి ఏమైందని మలాయ్‌లో అడిగాడు.

“ఎవరి పెళ్ళానికో ఎవరిదో తాళి కట్టేశాను తౌకే.”

పొరల సంగతంతా విని ఆయన నవ్వలేదు. సొరుగంతా బల్ల మీద బోర్లించాడు. రబ్బరు బ్యాండ్లు, పాత క్యాలెండర్లు, ఎవరో మరిచిపోయిన కళ్ళజోడు, వాటి కింద పాత ప్రోగ్రాం ఉన్న సీడీ. దాన్ని చొక్కాకి తుడిచి నాకిచ్చాడు. అప్పుడిద్దరం కొత్త కంప్యూటర్ చుట్టూ తిరిగాం, సీడీ పెట్టే నోరు ఎక్కడుందా అని. దానికి నోరే లేదు.

రెండు కొట్ల అవతల ఫోన్లు బాగుచేసే మలాయ్ అబ్బాయి, కాదు, అబ్బాయేమిటి, ముగ్గురు పిల్లల తండ్రి, ఆయన్ను పరిగెత్తి పిలుచుకొచ్చాను. విడిగా తగిలించే సీడీ డబ్బా ఒకటి చంకలో పెట్టుకొచ్చాడు. వైరు గుచ్చే ముందు బిస్మిల్లా అన్నాడు. నేను కూడా మా దేవుళ్ళందరినీ తలుచుకున్నాను, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు వస్తారని.

సీడీ తిరిగింది. కంప్యూటర్ చెప్పింది: ఈ ప్రోగ్రాం ఇక్కడ నడవదు.

“ఇది పాత కంప్యూటరేనని దానికి అబద్ధం చెబుదాం కాక్,” అన్నాడాయన. కాక్ అంటే అక్క. ఏదో ఒకచోట నొక్కి, కొత్త కంప్యూటర్‌కి పాతదాని వేషం వేశాడు. ప్రోగ్రాం నమ్మింది. నెమ్మదిగా, ముసలమ్మ మెట్లెక్కినట్టు ఎక్కి కూర్చుంది. ముగ్గురం ఊపిరి వదిలాం. తెరవబోతే ఇంకో మాట చెప్పింది: మెమరీ చాలదు.

“చాలకపోవడమేంటి?” తౌకే అరిచాడు. “ఎక్కువున్నదని చెప్పి అమ్మాడు కదా వాడు!”

మలాయ్ ఆయన గడ్డం గోక్కుంటూ ఫోన్‌లో వెతికాడు. వెతికి వెతికి నవ్వాడు. “ఎక్కువైపోవడం వల్లే. ఈ ముసలిదానికి అంత పెద్ద లెక్క రాదు. లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో తప్పిపోయి, ఏమీ లేదనుకుంటోంది.”

నాకు ఆ ప్రోగ్రాం మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. నా చదువూ దాని చదువూ ఒకటే.

“మరేం చేద్దాం?”

“కంప్యూటర్‌కి కొంచెం మతిమరుపు తెప్పిద్దాం. నీకున్నది ఇంతేనని చెప్పి మళ్ళీ లేపుదాం.”

అలా చెప్పి ఆపాడు. తెర నల్లబడింది. గోడ మీద గడియారం చప్పుడు ఎప్పుడూ వినలేదు నేను, ఆరోజు విన్నాను. అవతల ఆ ఇంట్లో ఈపాటికి నీళ్ళు పోసేసి ఉంటారు. చీర మార్చి, కాళ్ళకి పసుపు రాస్తూ ఉంటారు. తెర ఇంకా నల్లగానే ఉంది. ఇక లేవదేమో, కొత్తదాన్ని కూడా చంపేశామేమోనని తౌకే వైపు చూశాను. ఆయన బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. వెలుగొచ్చింది.

మలాయ్ ఆయన లేచాడు. “కాక్, నేను శుక్రవారం జుమాత్ నమాజుకి వెళ్ళాలి. ఇప్పుడు తెరుచుకుంటుంది. ఎక్కువసేపు నిలబడదు, త్వరగా పని కానివ్వు.” డబ్బా వదిలేసి, స్కూటర్ ఎక్కి వెళ్ళిపోయాడు.

నొక్కాను. పాత ప్రోగ్రాం తెరుచుకుంది. ఎడమ పక్క ఆ పాత పనిముట్ల పట్టీ చూసేసరికి పుట్టింటి వాకిలి చూసినట్టయింది. ఆవిడ ఫైలు ఎక్కించాను. కుడిపక్కన పొరల పేర్లు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. నేనే పెట్టుకున్న పేర్లు: నుదురు మూత, మెడ మూత, జడ మూత. మెడ మూత తీశాను. రెండు సూత్రాలు, మధ్యలో నల్లపూసలు, ఒక సూత్రం కొంచెం వెనక్కి తిరిగి ఉంది. నుదురు మూత తీశాను. కుంకుమ బొట్టు, అద్దం చూడకుండా పెట్టుకున్నది. జడ మూత తీశాను. చేమంతులు. నేను పొద్దున తురిమింది మల్లెలు.

దాచమని నొక్కాను.

డిస్కులో చోటు లేదు, అంది.

కొత్త డిస్కు. అందులో మూడొంతులు ఖాళీ. మళ్ళీ నొక్కాను. తెర తెల్లబడింది. నా గుండె కూడా. కాసేపటికి బొమ్మ మళ్ళీ వచ్చింది. ప్రింటర్‌కి పంపబోతే ఆ ప్రింటర్ ఎవరో దానికి తెలియదట. మళ్ళీ దాచమని చెయ్యి పెట్టబోతున్నాను.

“తంగచ్చీ, ముట్టుకోవద్దు!” తౌకే అరిచాడు. ఆయన నన్ను చిన్నప్పట్నుంచీ ‘చెల్లీ’ అని తమిళంలోనే పిలిచేవాడు. “ముట్టుకోకు. ఫోటో తీ లాహ్!”

మెడలో ఉన్న పెద్ద కెమెరా తీసి తెర మీదికి గురిపెట్టాడు. కెమెరాలో అంతా గీతలు, దోమతెర వెనక మనిషిలా. నేను వద్దంటూనే ఉన్నాను గానీ ఆ మాట నా బుర్రలో పడింది. తెర మీద ఉన్నదాన్ని ఉన్నట్టు తీసే బటన్ కీబోర్డు మీదే ఉంటుంది. ఇన్నేళ్ళలో దాన్ని తుడిచానే గానీ నొక్కలేదు. నొక్కాను. ఏ చప్పుడూ రాలేదు. కొత్త ప్రోగ్రాం తెరిచాను. మతిమరుపు తెప్పించాం కదా, అది కూడా కళ్ళు నులుముకుంటూ లేచింది. అతికించమన్నాను. ఆవిడ వచ్చింది. తాళితో, బొట్టుతో, చేమంతులతో.

అదే సమయంలో పాత ప్రోగ్రాం తనంతట తానే మూసుకుపోయింది. తర్వాత నేనూ, మలాయ్ ఆయనా ఎన్ని వేషాలు వేయించినా మళ్ళీ తెరుచుకోలేదు. అందుకే ఈ పనిలోకి వచ్చే పిల్లలకి చెబుతుంటాను: పాత ఫైళ్ళు బతికున్న కంప్యూటర్‌లో ఉండగానే అందరూ చదవగలిగే రూపంలోకి మార్చి దాచండి, పొరలతో ఒకటి, పొరలు లేకుండా ఒకటి. వాళ్ళు తలూపుతారు. ఎవరూ చేయరు.

ఇంకో కష్టం మిగిలింది. తెర మీద కనిపించినంతే మాకు దొరికింది. పెద్దది చేస్తే మొహం గళ్ళుగళ్ళుగా విడిపోయి బాత్‌రూం పలకల్లా అయిపోతోంది. అరచేతికి కాస్త పెద్దదిగా కొడితేనే మనిషిలా ఉంది. అంతే కొట్టాను. ఆ సైజు ఫ్రేమ్ వెతికితే షోకేసులో ఒక పసిపిల్ల నవ్వుతూ ఉంది. తౌకే ఆ పిల్లని బయటికి లాగి, ముసలమ్మను లోపల పెట్టి, నా చేతికిచ్చి తోశాడు.

మోటారు సైకిలు మీద పామాయిల్ తోటల మధ్య ఎలా వెళ్ళానో నాకే తెలియదు. దారిలో తాటికాయంత గుంత వస్తే బండిని కాదు, ఫ్రేమ్‌ను కాపాడుకున్నాను. ఇంటి ముందు చప్పరం కింద జనం లేచి నిలబడి ఉన్నారు. శవప్పెట్టె అప్పటికే వ్యాన్‌లోకి ఎక్కించేశారు. వ్యాన్ ముందర పెద్ద ఫోటో కట్టడానికి ఇనుప కొక్కేలు ఖాళీగా ఉన్నాయి. ఒకడు పెద్ద పూలదండ పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

నా చేతిలో ఉన్నది చూసి వాడు, “ఇదేటి లాహ్, పాస్‌పోర్టు ఫోటోనా?” అన్నాడు. ఎవరో వాడి వీపు మీద ఒకటిచ్చారు.

ముసలాయన వ్యాన్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఫ్రేమ్ అందుకున్నాడు. మొహం చూడలేదు. కళ్ళజోడు పైకి తోసి, మెడ దగ్గర చూశాడు. బొటనవేలి గోటితో అద్దం మీద ఒకసారి, పక్కన ఇంకోసారి మెల్లిగా గీకాడు.

“ఉన్నాయి,” అన్నాడు.

జీవితంలో నాకు జోకు తట్టని రోజు అదొక్కటే.

కొక్కేలకి ఆ ఫోటో ఆనదు. టేపు తెచ్చి అద్దానికి అంటిద్దామన్నారు ఒకరు. దండకే కుడదామన్నారు ఇంకొకరు. ఆయన ఎవరికీ ఇవ్వలేదు. వ్యాన్ ఎక్కి, పెట్టె పక్కన బెంచీ మీద కూర్చుని, ఫ్రేమ్‌ను ఒళ్ళో పెట్టుకున్నాడు. తన వైపుకి తిప్పి పెట్టుకున్నాడు. బయట నిలబడిన మాకు ఫ్రేమ్ వెనకున్న అట్ట కనిపిస్తోంది.

కూతురు కిటికీ దగ్గరికి వెళ్ళింది. “నాన్నా, ఇటేపు తిప్పు. అందరూ సూడాల కదా.”

ఆయన తలెత్తలేదు.

“ఊరంతా సూసినాది సాల్లే. ఇప్పుడు నాను సూత్తాను.”

వ్యాన్ కదిలింది.